కొలత పుస్తకానికెక్కని కొలత

(కేసముద్రంలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి చెప్పవలసినదంతా చెప్పారు. అందులో నేను కలపవలసింది ఏమీ లేదు. కార్యదర్శిగారు నాతో, "మీకు తోచిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నేను లెట్రిన్ గురించి మాట్లాడతానన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "అయితే మిమ్మల్ని భోజనాల తర్వాత పిలుస్తాను సార్" అన్నారు. అందుకే ఇంత ఆలస్యంగా మీ ముందుకు వచ్చాను.

నవ్వారు, సంతోషం. కాని మిత్రులారా, మన వయసువారికి రోజులో నాలుగైదుసార్లు, రాత్రిపూట రెండుసార్లు పని పడే గది అది. దాని గురించి సభలో ఎవరూ మాట్లాడరు. పడ్డ తర్వాత ఆసుపత్రిలో డాక్టరు ముందు మాట్లాడతాం. ఇందులో నా శ్రీమతి సంగతి కూడా వస్తుంది. ఆమె అనుమతి తీసుకునే చెబుతున్నాను. రెండో వరుసలో కూర్చొని ఉన్నది, నేను ఎక్కడ తప్పు చెప్పినా లేచి చెబుతుంది.

ముందుగా నా ఉద్యోగం గురించి రెండు మాటలు. నేను 1973లో ఎల్.డి. క్లర్కుగా చేరి, 2009లో యాభై ఎనిమిదేళ్లు నిండి రిటైరయ్యాను. ఎక్కువ కాలం చేసింది పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఆఫీసులో. అక్కడ పనిచేసినవారికి ఎం-బుక్ అంటే తెలుసు. తెలియనివారికి చెబుతాను. రోడ్డు వేసినా, బడి గది కట్టినా, ఎ.ఇ. గారు టేపు పట్టి కొలిచి పొడవు, వెడల్పు, లోతు ఆ పుస్తకంలో రాస్తారు. డి.ఇ. గారు వెళ్లి సరిచూస్తారు. ఆ తర్వాత బిల్లు మా బల్ల మీదికి వస్తుంది. మేము ప్రతి గుణకారం మళ్లీ వేసి చూడాలి. అంకె తప్పుపడితే చెరపడానికి వీలులేదు. అడ్డంగా గీత కొట్టి, సరైనది పైన రాసి, పొట్టి సంతకం పెట్టాలి. ఎం-బుక్‌లో లేని పనికి పైసా రాదని మా ఆఫీసులో అటెండరుకు కూడా తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా నేను పరాయి గోడల కొలతలు అలా సరిచూశాను. మా ఇంటి లెట్రిన్ గది పొడవెంతో మాత్రం నాకు తెలియదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఆ గది 1988లో కట్టించాను. అంతకుముందు సంగతి ఇక్కడున్న పెద్దవారికి చెప్పనక్కరలేదు. మగవాళ్లం చెంబు పట్టుకొని ఎప్పుడైనా పోయేవాళ్లం. ఆడవాళ్లకు తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి, అంతే. కడుపునొప్పి వచ్చినా, నెలలు నిండిన పిల్ల అయినా చీకటి పడే దాకా ఆగవలసిందే. కేంద్రం 1986లో గ్రామీణ పారిశుద్ధ్య పథకం మొదలుపెట్టింది. 1999లో సంపూర్ణ పారిశుద్ధ్య ప్రచారం వచ్చింది. ఆ బిల్లులు నా చేతుల మీదుగానే పోయాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలై, అర్హులైన ఇంటికి పన్నెండు వేల రూపాయలు ఇవ్వడం నేను రిటైరైన తర్వాత చూశాను. ఈ పథకాలు మన ఆడవాళ్లకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే అన్నింటిలోనూ నమూనా ఒకటే, కొలత ఒకటే. కాళ్లు మడిచి కూర్చోగలిగినవారి కోసం వేసిన నమూనా అది. కట్టించుకున్నప్పుడు మనమూ అలాగే కూర్చోగలిగేవాళ్లం. తర్వాత మోకాళ్లు అరిగాయి. గచ్చు మాత్రం ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది.

నా శ్రీమతికి రెండు మోకాళ్లూ నొప్పులే. "కింద కూర్చోవద్దమ్మా" అని డాక్టరుగారు 2021లోనే చెప్పారు. నేను చేసిన ఏర్పాటు ఏమిటంటే, నడుమ రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి పాన్ మీద పెట్టాను. మా పాన్ ఆరంగుళాల మెట్టు మీద ఉండేది. పాతకాలపు ఇళ్లలో చాలావరకు అంతే. ఆ కుర్చీ నాలుగు కాళ్లూ మెట్టు మీద సరిగ్గా పట్టవు, ఒకటి అంచున ఉంటుంది. రోజూ చూస్తూనే ఉన్నాను. చూడటం వేరు, పట్టించుకోవడం వేరు.

2023 జులై నెలాఖరు. వరంగల్ ప్రాంతమంతా ఎడతెగని వాన. రాత్రి రెండున్నరకు పెద్ద చప్పుడైంది. లేచి పోయి తలుపు కొడితే, లోపలి నుంచి "ఏం కాలే, మీరు పండుకోండ్రి" అన్నది. కుర్చీ కాలు జారి, ఆమె తలుపుకు ఆనుకొని పడ్డది. తలుపు లోపలికి తెరుచుకునే తలుపు. గొళ్లెం లోపల పెట్టి ఉన్నది. "గొళ్లెం తీయి" అంటే, "చెయ్యి అందుతలేదు" అన్నది. గొళ్లెం విరగ్గొట్టి నెట్టుదామంటే నెట్టేది ఆమె మీదికే. బందులు లోపలి వైపున ఉన్నాయి, ఊడదీయడానికి లేదు. చివరకు పక్కింటి పిల్లవాడు నిచ్చెన వేసుకొని, వెంటిలేటరు అద్దం పలకలు తీసి, ఆ సందులో నుంచి లోపలికి దిగి ఆమెను పక్కకు జరిపి తలుపు తీశాడు. నలభై నిమిషాలు పట్టింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పట్టీ. తలకు తగలలేదు, అదే పదివేలు.

ఇక నాకు ఆగలేదు. తర్వాతి ఆదివారమే వరంగల్ పోయాను. దుకాణదారు మంచివాడు. మొట్టమొదట అడిగిన మాటే అది. "గోడ నుంచి ఎంతుంది సార్? నాలుగా, తొమ్మిదా, పన్నెండా?" ఆయన ఏమడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. ముప్పై ఏళ్లు ఎం-బుక్కులు చూసినవాణ్ణి కదా! మిత్రుడొకరు తమ ఇంట్లో పన్నెండంగుళాలని చెప్పడం గుర్తుకొచ్చి, "పన్నెండు" అన్నాను. "ఒకసారి చూసుకొని రండి సార్, డబ్బా విప్పినాక మార్చుకోవుడు కష్టం" అన్నాడు. "నువ్వు బిల్లు రాయి" అన్నాను. ఎనిమిదిన్నర వేలు కమోడుకు, పన్నెండు వందలు ట్రాలీ ఆటోకు.

మర్నాడు మేస్త్రి వచ్చి పాన్ పగలగొట్టి, మెట్టు తీసేసి, పైపు బయటపెట్టాడు. సున్నం గోడ నుంచి పైపు నడిమికి తొమ్మిది ముప్పావు అంగుళాలు. ముప్పావు అంగుళం టైలుకు, దాని కింది సిమెంటుకు పోతుంది. మిగిలేది తొమ్మిది. పన్నెండంగుళాల కమోడును తొమ్మిదంగుళాల పైపు మీద కూర్చోబెట్టాలంటే దాని వెనక ఉండే ఫ్లష్ ట్యాంకు మూడంగుళాలు గోడలోకి పోవాలి. గోడ జరగదు. డబ్బా వానలో తడిసింది, కమోడుకు మట్టి అంటింది. దుకాణంలో తీసుకోరు, తీసుకోమని అడిగే ముఖమూ నాకు లేదు. ఇంట్లో ఉన్న పాన్ పగిలిపోయింది, కొత్తది పట్టదు. మేస్త్రికి మరో పని ఒప్పుకొని ఉన్నది. వాన వెలియడం లేదు. మొత్తం ఇరవై మూడు రోజులు మా ఇంట్లో లెట్రిన్ లేదు.

ఇక్కడిదాకా చెప్పింది నా డబ్బు నష్టం. అసలు సంగతి ఇకముందు ఉన్నది.

ఆ ఇరవై మూడు రోజులు నా శ్రీమతి పక్కింటికి పోయింది. వాళ్లు ఎంతో మర్యాదస్తులు, "మీ ఇల్లే అనుకోండమ్మా" అన్నారు. ఎనిమిదో రోజున ఆమెకు చలిజ్వరం వచ్చింది, మూత్రంలో మంట. డాక్టరుగారు పరీక్ష చేయించి, "నీళ్లు సరిగా తాగుతున్నారా?" అని అడిగారు. ఆమె నా వైపు చూసింది, జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చి చూస్తే, పొద్దున నేను మంచం పక్కన పెట్టిన గ్లాసు పెట్టినట్టే ఉన్నది. ఎందుకు తాగలేదని అడిగాను. "తాగితే రాత్రి లేవాలె. రాత్రి వాళ్ల తలుపు కొట్టాలంటే సిగ్గయితది" అన్నది.

మిత్రులారా, 1988కి ముందు మా ఇంట్లో ఆడవాళ్లు ఎలా బతికారో, డెబ్బై ఏళ్ల వయసులో ఆమెను నేను మళ్లీ అక్కడికే తీసుకుపోయాను. కారణం బీదతనం కాదు. పెన్షన్ నెలనెలా వస్తూనే ఉన్నది. కారణం నేను టేపు తీసుకొని రెండు నిమిషాలు వంగకపోవడం.

మేస్త్రి తిరిగి వచ్చిన రోజు నేను కాగితం, పెన్నూ పట్టుకొని సిద్ధంగా ఉన్నాను. గదంతా కొలిచి చీటీ రాసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చీటీ అంతా చూసి, "జాగ మంచిగనే కొలిచిండ్రు సారూ. అమ్మను కొలిచిండ్రా?" అన్నాడు. నాకు జవాబు లేదు. కూర్చునేది గది కాదు కదా, ఆమె.

అప్పుడు ఆయన ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ వసారాలోకి తెప్పించాడు. పాత చెక్క కుర్చీ పద్దెనిమిది అంగుళాలు. దాని మీద కూర్చుంటే ఆమె మడమలు నేలకు ఆనలేదు. పన్నెండంగుళాల పీట మీద నుంచి లేవనే లేకపోయింది. ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చొని, పాదాలు పూర్తిగా ఆనించి, ఎడమ చేత్తో ఊతం పట్టి మెల్లగా లేచింది. ఆమె కూర్చొని ఉండగా కొలిస్తే పదహారున్నర. ప్లాస్టిక్ కుర్చీ బరువుకు కొంచెం దిగుతుంది, అందుకని మనిషి కూర్చున్నప్పుడే కొలవాలన్నాడు. ఆ తర్వాత, "అమ్మా, ఏ చేతిల బలముంది?" అని అడిగాడు. కుడిది విరిగిన చెయ్యి. కాబట్టి పట్టుకునే రాడ్డు ఎడమ గోడకు రావాలి. నేను అన్నేళ్లు చూసిన ఎం-బుక్కుల్లో ఈ కొలతకు గడి లేదు.

ఇప్పుడు మీకు ఉపయోగపడే సంగతులు వరుసగా మనవి చేస్తాను. కాగితం ఉన్నవారు రాసుకోండి.

మొదటిది, పైపు ఎటు పోతున్నది. కమోడు కింద నుంచి నేలలోకి దిగితే దుకాణంలో దాన్ని ఎస్-ట్రాప్ అంటారు. వెనక గోడలోకి పోతే పి-ట్రాప్ అంటారు. ట్రాప్ అంటే వంపు. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి వాసనను అడ్డుకుంటాయి. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంటు తీసుకున్న వంపు ఇదే. నేలలోకి దిగేదైతే గోడ నుంచి పైపు నడిమికి కొలవాలి, అంచుకు కాదు. మన దుకాణాల్లో నాలుగు, తొమ్మిది, పన్నెండు అంగుళాల రకాలు దొరుకుతాయి. గోడలోకి పోయేదైతే నేల నుంచి పైపు నడిమి దాకా ఎత్తు కొలవాలి. సాధారణంగా ఏడంగుళాల పైచిలుకు ఉంటుంది. రెండు కొలతలూ టైలు మీది నుంచే లెక్క. టైల్స్ ఇంకా వేయకపోతే వాటి మందం, కింది సిమెంటు మందం ముందే తీసివేయాలి. పాత ఇండియన్ పాన్ ఉన్నవారికి ఇంకో మాట. పాన్ తీస్తే తప్ప పైపు నడిమి ఎక్కడుందో కచ్చితంగా తెలియదు. కాబట్టి ముందు తీయించండి, కొలవండి, ఆ తర్వాత కొనండి. పాన్ తీసిన రోజు నుంచి కమోడు బిగించే రోజు దాకా ఎక్కడికి పోవాలో ముందే చూసుకోండి. పిల్లల ఇంటికి పోయే పని ఉంటే ఆ వారంలోనే పెట్టుకోండి.

రెండోది, పక్కలు. కమోడు నడిమి నుంచి ఇటు గోడకు, అటు గోడకు పదిహేను అంగుళాలకు తగ్గకూడదు. మా గది వెడల్పు మూడడుగులు, టైల్స్ పోను ముప్పై నాలుగున్నర అంగుళాలు. పైపు నడిమి నుంచి ఎడమ గోడకు పదిహేనుంపావు వచ్చింది. సరిపోయింది.

మూడోది, ముందు జాగా, తలుపు. ఈ రెండూ కలిపి చూడాలి. మా గది పొడవు నాలుగున్నర అడుగులు, అంటే యాభై నాలుగు అంగుళాలు. రెండు వైపుల టైల్స్‌కు ఒకటిన్నర పోతే యాభై రెండున్నర. రెండోసారి తెచ్చిన కమోడు పొడవు ఇరవై ఆరు. ముందు మిగిలింది ఇరవై ఆరున్నర. కాళ్లు పెట్టుకొని లేవడానికి ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగంగుళాలు ఉంటే చాలు, కాబట్టి మాకు ఫరవాలేదు. కాని మా తలుపు రెక్క ఇరవై ఎనిమిది అంగుళాలు. లోపలికి తెరిస్తే కమోడుకు కొట్టుకుంటుంది. అందుకని తలుపును బయటికి తెరుచుకునేటట్టు తిప్పించాను. నిజానికి జాగా ఉన్నా తిప్పించవలసిందే. ఆ రాత్రి తలుపు బయటికి తెరుచుకునేదై, బయటి నుంచి తీయగల గొళ్లెం ఉంటే, నలభై నిమిషాలు నలభై క్షణాలయ్యేవి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం విడి లెట్రిన్ గదికి కనీసం 0.9 మీటరు వెడల్పు, 1.1 చదరపు మీటరు వైశాల్యం చాలు. టైల్స్ వేయకముందు కొలతతో చూస్తే మా గది ఆ లెక్కకు సరిపోతుంది. గది కాగితం మీద సరిపోవడం వేరు, అందులో పడ్డ మనిషిని బయటికి తీయగలగడం వేరు. వాకర్ వాడేవారు ఇంట్లో ఉంటే వాకర్ వెడల్పు కూడా కొలిచి తలుపు సందుతో పోల్చి చూడండి.

నాలుగోది, ఎత్తు. మామూలు కమోడు సీటుతో కలిపి పదిహేను, పదహారు అంగుళాలు ఉంటుంది. ఎత్తు రకాలు పదిహేడు నుంచి పంతొమ్మిది దాకా వస్తాయి. దివ్యాంగుల, వృద్ధుల సౌకర్యం కోసం కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2016లో తెచ్చిన మార్గదర్శకాల్లో 450 నుంచి 480 మిల్లీమీటర్లు అని ఉన్నది, అంటే దాదాపు పద్దెనిమిది, పంతొమ్మిది అంగుళాలు. అది నలుగురు వాడే చోటికి మంచిదే. కాని నా శ్రీమతి వంటి పొట్టి మనిషికి పాదాలు గాలిలో ఉంటాయి. పాదం ఆనకపోతే లేవడానికి బలం రాదు. ఎత్తుగా ఉంటే మంచిదట అని ఎవరో చెప్పినదాన్ని కొనకండి. ఇంట్లో కుర్చీలు తెచ్చి పరీక్ష పెట్టండి. పాత మెట్టు మీదనే కమోడు పెట్టించడం ఇంకా పెద్ద పొరపాటు. ఆరంగుళాల మెట్టు మీద పదహారంగుళాల కమోడు పెడితే నేల నుంచి ఇరవై రెండు అంగుళాలు. అది సింహాసనమే గాని కమోడు కాదు.

ఐదోది, కంటికి కనబడనిది, పైపు వాలు. మెట్టు తీసేస్తే పైపు కిందికి దిగుతుంది. సెప్టిక్ ట్యాంకు ఎక్కడిది అక్కడే ఉంటుంది. నాలుగంగుళాల పైపుకు నలభైకి ఒకటి చొప్పున వాలు కావాలని మేస్త్రి లెక్క, ఇంజనీర్ల లెక్క కూడా అదే. పది అడుగుల దూరానికి మూడంగుళాలు. మాకు మూడున్నర దొరికింది, బతికిపోయాం. దొరకకపోతే మెట్టు కొంత ఉంచి, కమోడు ఎత్తు ఆ మేరకు తగ్గించుకోవాలి. 2024 సెప్టెంబరు 1న వరదకు మన కేసముద్రానికీ ఇంటికన్నెకూ మధ్య రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు మనలో చాలామంది పోయి చూశాం. పైన పట్టాలు ఉన్నాయి, కింద ఆధారం లేదు. రైళ్లు రోజుల తరబడి ఆగిపోయాయి. పైన మెరిసే కమోడును చూసి కింది పైపును మరిచిపోతే మన ఇంట్లోనూ అదే జరుగుతుంది.

ఆరోది, పట్టుకునే రాడ్డు. రబ్బరు కప్పులతో గోడకు అతికేవి వస్తున్నాయి. వాటిని నమ్మి బరువు వేయకండి. టైలు వెనక ఇటుక గోడలోకి మేకులు బలంగా దిగాలి. బిగించిన తర్వాత ఇంట్లో అందరికంటే బరువైన మనిషి వేలాడి చూడాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా అల్లుడిది. రాడ్డు ఏ గోడకు, ఎంత ఎత్తున అన్నది దుకాణదారు చెప్పేది కాదు. వాడే మనిషిని కూర్చోబెట్టి చేయి చాపమని, చేయి ఆగిన చోట సుద్దముక్కతో గీత గీయండి.

ఏడోది, నీళ్లు, వెలుతురు. ఫ్లష్ ట్యాంకుకు నీరు వచ్చే నల్లా ఎటుందో చూసుకోండి. పాతకాలపు ట్యాంకులు ఒక్కసారికే పది లీటర్లు వదిలేవి. ఇప్పుడు రెండు మీటలుండే వాటిలో మూడు, ఆరు లీటర్లతో సరిపోతుంది. కడుక్కునే చేతి పైపు కూడా బలమున్న చేతి వైపే ఉండాలి. స్విచ్చి గది బయట, మంచం నుంచి పోయే దారిలో ఉండాలి. నేలకు నునుపు టైల్స్ వద్దు. కొత్త నేల అంగుళం లేస్తే తలుపు అడుగు రాస్తుంది, ముందే చెక్కించండి.

కొందరు మిత్రులకు సొంత ఇల్లు లేదు. కిరాయి ఇంట్లో గచ్చు పగలగొట్టనీయరు. అటువంటివారు కమోడు కుర్చీ కొనుక్కోవచ్చు. దానికీ ఇదే పద్ధతి. నాలుగు కాళ్లూ సమంగా ఆనే జాగా ఉందో లేదో కొలవాలి, కాళ్లకు రబ్బరు బుడిపెలు ఉండాలి. మా ఇంట్లో ఆ రాత్రి జారింది అటువంటి కాలే.

ఈ రోజు డిసెంబరు 17. నకారా కేసులో సుప్రీంకోర్టు 1982లో ఇదే రోజున తీర్పు చెప్పింది కాబట్టే మనం ఇక్కడ కూర్చున్నాం. పెన్షన్ ఎవరో దయతలచి వేసే భిక్ష కాదని, పనిచేసినవాడు ముసలితనంలో గౌరవంగా బతకడానికి అది హక్కు అని ఆ తీర్పుతో స్థిరపడింది. గౌరవం అనే మాట మనం ప్రతి ఏటా ఈ వేదిక మీద పలుకుతాం. నాకు ఆ మాట అర్థం నా శ్రీమతి తాగని మంచినీళ్ల గ్లాసులో కనబడింది. పక్కింటి తలుపు కొట్టకుండా, మొగుణ్ణి లేపకుండా, తన కాళ్ల మీద తాను పోయి రాగలగడం కంటే ముసలితనంలో పెద్ద గౌరవం ఏముంది? ప్రభుత్వం నుంచి రావలసినవాటి కోసం మనం అర్జీలు పెడుతూనే ఉందాం. ఈ ఒక్క పనికి మాత్రం అర్జీ అక్కరలేదు, జి.ఓ. అక్కరలేదు.

మా ఇంట్లో ఆ గది పని పూర్తయి రెండేళ్లు దాటింది. ఇప్పుడు రాత్రి ఆమె లేస్తే నాకు మెలకువ వస్తుంది. స్విచ్చి చప్పుడు వినబడుతుంది, తలుపు చప్పుడు, కాసేపటికి నీళ్ల చప్పుడు. మళ్లీ వచ్చి పండుకుంటుంది. నేను మేలుకున్నట్టు ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలిసిపోయింది, సరే.

మొదట కొన్న కమోడు మా వసారాలో డబ్బాతో సహా అలాగే ఉన్నది. నా శ్రీమతి దానికి "మీ ఎం-బుక్కు" అని పేరు పెట్టింది, వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తుంది. మంచి సరుకు, పగుళ్లు లేవు. మీలో ఎవరి ఇంట్లోనైనా నేలలోకి దిగే పైపు ఉండి, టైలు గోడ నుంచి పైపు నడిమికి సరిగ్గా పన్నెండంగుళాలు ఉంటే వచ్చి తీసుకుపోండి. పైసా ఇవ్వనక్కరలేదు. కొలత చీటీ రాసి, కింద సంతకం పెట్టి తెస్తేనే ఇస్తాను. వచ్చి నేనే సరిచూసుకుంటాను.